పెసర మొలక: చీకట్లో పెంచితే మేలా, వెలుతురులోనా?

పెసలు రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే నీళ్లు వంపేసి, తడిగుడ్డలో మూటగట్టి మూత పెడితే మరునాటికి తెల్లటి తోకలు వస్తాయి. ఇంకో మూడు నాలుగు రోజులు అలాగే చీకట్లో ఉంచి తడుపుతూ పోతే పొడుగ్గా సాగి, మెడ వంచుకుని, పాలిపోయి ఉంటాయి. అవే పెసలు కిటికీ పక్కన ట్రేలో పోస్తే పొట్టిగా, పచ్చగా, ఆకులు విప్పుకుని నిలబడతాయి. మన ఒంట్లో కొలెస్ట్రాల్ చేసే పనిని మొక్కల్లో స్టెరాళ్లు అనే కొవ్వు పదార్థాలు చేస్తాయి. సిటోస్టెరాల్, కాంపెస్టెరాల్, స్టిగ్మాస్టెరాల్ వాటిలో ముఖ్యమైనవి. మరి ఈ రెండు రకాల మొలకల్లో వాటి తయారీ ఎక్కడ జోరుగా సాగుతుంది? అడిగితే చాలామంది పచ్చగా ఉన్నదాన్నే చూపిస్తారు. పచ్చదనం అంటే బలం అని మనకో గట్టి నమ్మకం.

ఈ ఒక్క విషయంలో మాత్రం చీకటి వైపే మొగ్గాలి. చీకట్లో ఉన్న మొలకకు తాను ఇంకా మట్టి కిందే ఉన్నాననిపిస్తుంది. గింజలో దాచుకున్న తిండి అయిపోయేలోపు పైకి చేరాలి కాబట్టి కాండాన్ని సాగదీస్తుంది. కణం సాగాలంటే దాని చుట్టూ కొత్త పొర కావాలి, పొర గట్టిగా నిలవాలంటే స్టెరాళ్లు కావాలి. పైగా కాంపెస్టెరాల్ నుంచే బ్రాసినోస్టెరాయిడ్లు అనే ఎదుగుదల హార్మోన్లు తయారవుతాయి. ఆవ కుటుంబానికే చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఈ హార్మోన్ తయారు చేసుకోలేని రకం ఒకటుంది, పేరు డెట్2. దాన్ని కటిక చీకట్లో మొలకెత్తించినా పొట్టిగానే ఉండి, ఎండలో ఉన్నట్టు ఆకులు విప్పేస్తుంది.

ఇక వెలుతురు తగిలితే ఏమవుతుంది? స్టెరాళ్ల తయారీకి తొలి మెట్లలో హెచ్‌ఎంజీ కోఏ రిడక్టేజ్ అనే ఎంజైము ఉంది. కొలెస్ట్రాల్‌కి డాక్టర్లు రాసే స్టాటిన్ మాత్రలు మనలో అడ్డుకునేది ఈ ఎంజైమునే. బఠాణీ మొలకల్లోనూ, అరబిడాప్సిస్‌లోనూ వెలుతురు పడగానే దీని జోరు తగ్గుతుందని తేలింది. వెలుతురును పసిగట్టేది ఫైటోక్రోమ్ అనే రంగు ప్రోటీన్. 2004లో ఒక ప్రయోగంలో అరబిడాప్సిస్ మొలకలకు స్టాటిన్ మందు పెట్టి ఎదుగుదలను ఆపేశారు. ఆ మందుకు లొంగని మొలక ఒకటి దొరికింది. చూస్తే దాంట్లో ఫైటోక్రోమ్‌లలో బీ అనే రకం పాడైంది. వెలుతురును సరిగా చూడలేని మొలకలో స్టెరాళ్ల ముడిసరుకు దండిగా తయారవుతోందన్నమాట.

అలాగని వెలుతురులో మొలక చేతులు ముడుచుకుని కూర్చోదు. ఆకుపచ్చని హరితరేణువుల్లో దానికి వేరే కర్మాగారం ఉంది. పత్రహరితం అణువుకు ఉండే పొడుగాటి తోక, కెరోటిన్లు అక్కడి నుంచే వస్తాయి. స్టెరాళ్ల దారి సద్దుమణిగితే ఈ దారి ఊపందుకుంటుంది. కాబట్టి కెరోటిన్ కావాలంటే కిటికీ ట్రే, స్టెరాల్ కావాలంటే మూట.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చీకటి మొలకలో నీళ్లు ఎక్కువ. పచ్చి బరువు మీద లెక్కేస్తే ఒక జవాబు వస్తుంది, ఎండబెట్టి తూస్తే ఇంకొకటి, ఒక్కో మొలక లెక్కన చూస్తే మరొకటి. ‘చీకట్లో ఇంత శాతం ఎక్కువ’ అని ఎవరైనా చెబితే, దేని మీద లెక్క అని అడగండి. పైగా ఈ సూత్రాన్ని వంటింట్లో ప్రతిదానికీ అంటగట్టకూడదు. బంగాళాదుంప వెలుతురులో పచ్చబడితే దానిలో సొలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది. ఆ సొలనిన్ తయారయ్యేది కూడా స్టెరాళ్ల దారిలోనే, కొలెస్ట్రాల్ నుంచి. అక్కడ వెలుతురు తగ్గించదు, పెంచుతుంది. పచ్చబడిన దుంప పారేయడమే మంచిది.

మరి తినేవాళ్లకు ఏది మేలు? స్టెరాళ్ల కోసమే అయితే, నా మాట నమ్మండి, రెండూ దండగే. చెడ్డ కొలెస్ట్రాల్ 8 నుంచి 10 శాతం తగ్గాలంటే రోజుకు సుమారు 2 గ్రాముల మొక్కల స్టెరాళ్లు కావాలి. గుప్పెడు మొలకల్లో ఉండేది అందులో ఏ మూలకూ రాదు. 100 గ్రాముల నువ్వుల్లో వందల మిల్లీగ్రాములు ఉంటాయి. ఆ లెక్కన నువ్వుల పొడి ముందు రెండు రకాల మొలకలూ ఓడిపోతాయి. ఎంచుకోవాల్సింది రుచి, కెరోటిన్, విటమిన్ సీ చూసుకునే. చీకటి మొలక కరకరలాడుతుంది, నీటి తీపి ఉంటుంది. వెలుతురులోది కాస్త వగరు, ఆకు వాసన.

మా ఇంట్లో మూటే గెలిచింది, అదీ స్టెరాళ్ల వల్ల కాదు. తడి, వెచ్చదనం ఉన్నచోట మొలకతోపాటు సూక్ష్మక్రిములూ పెరుగుతాయని నేను పచ్చిగా తినడం మానేసి ఆవిరి మీద ఉడికిస్తున్నాను. ఆవిరికి విటమిన్ సీ కొంత పోతుంది, స్టెరాళ్లు మాత్రం చెక్కుచెదరవు. మా అమ్మాయి మాత్రం మూడో రోజు మూట విప్పి, సగం మొలకలను ఒక పగలంతా కిటికీలో పెడుతుంది. సాయంత్రానికి వాటి పసుపు తలలు లేత పచ్చబడతాయి. తను తినేది ఆ సగమే.