కాగితాలన్నీ అసలువే, మా బొమ్మవి మాత్రం కావు

యాప్‌తో మాట్లాడే బొమ్మల్ని ఫ్యాక్టరీలో సొంత బ్రాండు పేరుతో చేయించుకుని బయటి దేశాలకు పంపుదామనుకుంటున్నారా? అడ్వాన్సు కట్టే ముందు ఇది చదవండి. ఫ్యాక్టరీ పేరు రాయడం లేదు. రాస్తే ఆ ఒక్కళ్ల దగ్గరే జాగ్రత్త పడతారు, పక్కవాడి దగ్గర మళ్లీ ఇదే గోతిలో పడతారు.

మేం చేయించింది మెత్తటి ఎలుగుబంటి. లోపల మైకు, స్పీకరు, బ్లూటూత్, ఛార్జింగ్ బ్యాటరీ. పిల్లలు ఏదైనా అడిగితే ఫోన్‌లోని యాప్ సాయంతో జవాబు చెబుతుంది. బేరం కుదిరిన రోజే సేల్స్ మనిషి పదకొండు పీడీఎఫ్‌లు పంపాడు. ఏ దేశానికైనా ఇవే చాలన్నాడు. ముద్రలు చూశాను, సంతకాలు చూశాను, ల్యాబ్ పేరు నెట్‌లో వెతికితే దొరికింది, సంబరపడ్డాను. ల్యాబ్ వాళ్లు పరీక్షించింది ఏ బొమ్మనో మాత్రం చదవలేదు. సిగ్గుగా ఉంది కానీ నిజం అదే.

మొదటి దెబ్బ విమానం దగ్గరే తగిలింది. నమూనా పెట్టెలు కొన్ని ఎయిర్ కార్గోలో పంపబోతే, లిథియం బ్యాటరీకి యూఎన్ 38.3 టెస్ట్ సమ్మరీ అడిగారు. ఎత్తు, వేడి, కుదుపు, షార్ట్ సర్క్యూట్ లాంటి పరీక్షల్ని ఆ బ్యాటరీ తట్టుకుందని చెప్పే కాగితం అది. 2020 జనవరి 1 నుంచి తయారీదారు దాన్ని అందుబాటులో ఉంచి తీరాలి. ఫ్యాక్టరీ పంపింది ఎంఎస్‌డీఎస్. అంటే బ్యాటరీలో ఏ రసాయనాలున్నాయో, అంటుకుంటే ఏం చేయాలో రాసిన పత్రం. పరీక్ష ఫలితం కాదు. గట్టిగా అడిగితే అసలు సమ్మరీ వచ్చింది. అందులో బ్యాటరీ సామర్థ్యం 500 ఎంఏహెచ్, మా ఎలుగుబంటి పొట్టలో ఉన్నది 1200. నిలదీస్తే 'ఓడలో పంపండి, ఎవరూ అడగరు' అన్నాడు సేల్స్ మనిషి. ఓడకైనా అదే పరీక్ష కావాలి. నా కళ్లు అప్పుడే తెరుచుకోవాల్సింది. బ్యాటరీ మార్చినవాడు ఇంకేం మార్చాడో అన్న అనుమానమైనా రాలేదు. సరైన సమ్మరీ తెప్పించుకుని సరుకు ఓడెక్కించేశాం.

యూరప్ రేవులో ఆపేశారు. మొదట పట్టుకున్నది ఇన్వాయిస్‌ని. ఫ్యాక్టరీ వాళ్ల నమూనా ఇన్వాయిస్‌ను నమ్మి అందులో ఉన్నట్టే 'బ్లూటూత్ స్పీకర్' అని, హెచ్ఎస్ కోడ్ (కస్టమ్స్ వాళ్లు సరుకు రకాన్ని గుర్తించే నంబరు) 8518 అని రాశాం. పెట్టె మీద ఎలుగుబంటి బొమ్మ, పిల్లల ఫొటో, వయసు గుర్తు. బొమ్మల కోడ్ 9503. సరుకేమిటో కూడా సరిగ్గా రాయనివాడి మిగతా కాగితాల్ని ఏ అధికారి నమ్ముతాడు? టెక్నికల్ ఫైల్ (డిజైన్, పరీక్షల కాగితాల కట్ట), డిక్లరేషన్ ఆఫ్ కన్ఫర్మిటీ (బొమ్మ ఏయే చట్టాలకు లోబడి ఉందో తయారీదారు సంతకం చేసి ఇచ్చే హామీ) తెమ్మన్నారు.

డిక్లరేషన్‌లో బొమ్మల భద్రతా డైరెక్టివ్ (అంటే యూరప్ చట్టం) 2009/48/ఈసీ ఉంది. ప్రమాదకర పదార్థాల మీది ఆర్ఓహెచ్ఎస్ ఉంది. రేడియో పరికరాల డైరెక్టివ్ 2014/53/ఈయూ ఊసే లేదు. ఎందుకుంటుంది? టెస్ట్ రిపోర్ట్‌లోని ఫొటోలు అప్పుడు తెరిచి చూశాను. అది నొక్కితే పాట పాడే పాత ఎలుగుబంటి. బ్లూటూతే లేదు. బయటి బొచ్చు ఒకటే, లోపలి బోర్డు వేరు. కాగితాలు దొంగవి కావు, అవి వేరే బొమ్మవి.

రేడియో పరీక్షలు చేయించి గండం గట్టెక్కుదామనుకుంటే అసలు చిక్కు అక్కడే మొదలైంది. 2025 ఆగస్టు 1 నుంచి యూరప్‌లో రేడియో పరికరాలకు సైబర్ భద్రత నిబంధనలు అమల్లోకి వచ్చాయి. 'మనది ఇంటర్నెట్‌కి కలవదు, బ్లూటూతే కదా' అని ఫ్యాక్టరీ వాదన. మామూలు పరికరమైతే ఆ వాదన కొంత దూరం నడిచేదేమో. బొమ్మ విషయంలో నడవదు. వ్యక్తిగత సమాచారాన్ని అందుకోగలిగే రేడియో బొమ్మ అయితే చాలు, నేరుగా నెట్‌కి కలవకపోయినా గోప్యత నిబంధన వర్తిస్తుంది. పసివాడి గొంతు వ్యక్తిగత సమాచారం కాక మరేమిటి? దీనికి వాడే ప్రమాణం ఈఎన్ 18031. దాన్ని పాటించామని మనమే రాసుకుంటే అన్నిసార్లూ సరిపోదు. పాస్‌వర్డ్ పెట్టుకోకుండా వాడే వీలున్నా, పిల్లల వాడకం పెద్దల అదుపులో ఉండే ఏర్పాటు లేకపోయినా నోటిఫైడ్ బాడీ (ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్వతంత్ర తనిఖీ సంస్థ) దగ్గరికి వెళ్లాల్సిందే.

మా ఎలుగుబంటికి పిన్ నంబరు లేదు. గోడ అవతల ఉన్న ఏ ఫోనైనా దాంతో జత కట్టొచ్చు. పిల్లవాడి మాటలు వినొచ్చు, పిల్లవాడితో మాట్లాడొచ్చు కూడా. ఇది మేమే మా ఆఫీసులో చేసి చూసుకున్నాం. ఆ రోజు నిజంగా భయమేసింది. కస్టమ్స్ మీద అప్పటిదాకా ఉన్న కోపం అక్కడితో పోయింది. 'మై ఫ్రెండ్ కేలా' అనే మాట్లాడే బొమ్మలో ఇదే లోపం ఉందని 2017 ఫిబ్రవరిలో జర్మనీ నియంత్రణ సంస్థ దాన్ని రహస్యంగా వినే పరికరంగా తేల్చి నిషేధించింది. ఇంట్లో ఉంటే పనికిరాకుండా చేసెయ్యమని తల్లిదండ్రులకు చెప్పింది. అన్నేళ్ల నాటి పాఠం మా ఫ్యాక్టరీ దాకా చేరలేదు. మాదాకా కూడా చేరలేదు.

ఇంకో తిరకాసు వయసు గుర్తు. మూడేళ్లలోపు పిల్లలకు కాదని గుర్తు వేసేస్తే చిన్న భాగాల పరీక్ష చేయించక్కర్లేదని ఫ్యాక్టరీ సలహా ఇచ్చింది. కౌగిలించుకునే మెత్తటి బొమ్మ మీద ఆ గుర్తు చెల్లదు. యూరప్‌లో అలాంటివాటిని మూడేళ్లలోపు పిల్లల బొమ్మలుగానే చూస్తారు. కళ్లు ఊడి రాకూడదు, బ్యాటరీ మూత పనిముట్టు లేకుండా తెరుచుకోకూడదు. స్టిక్కర్ అంటిస్తే బొమ్మ మారిపోదు కదా.

ఇంత జరిగాక ఫ్యాక్టరీని బాధ్యత తీసుకోమంటే చల్లగా ఒక మాట అన్నారు: 'బ్రాండు మీదే కదా.' ఒళ్లు మండింది కానీ ఆ మాటలో తప్పు లేదు. బొమ్మ మీద మన పేరు వేయించుకుంటే యూరప్ చట్టం దృష్టిలో తయారీదారు మనమే. డిక్లరేషన్ మీద సంతకం మనది, టెక్నికల్ ఫైల్ పదేళ్లు దాచాల్సింది మనం. కొనుగోలుదారులమని మనం అనుకుంటాం, అంతే. రేవులో నిల్వ ఛార్జీలు రోజురోజుకూ పెరిగి, చివరికి సరుకు వెనక్కి తెప్పించుకోవడమా, ధ్వంసం చేయించడమా అన్న దగ్గర ఆగింది. వెనక్కి తెప్పించాం.

అమెరికాకి పంపాలనుకున్న భాగం ఓడెక్కకముందే ఆపాను. మంచిదైంది. పదకొండు పీడీఎఫ్‌లలో ఒకటి 'చిల్డ్రన్స్ ప్రొడక్ట్ సర్టిఫికెట్', అంటే పిల్లల వస్తువు అక్కడి భద్రతా నిబంధనలకు లోబడి ఉందని చెప్పే పత్రం. దాన్ని ల్యాబ్ ఇచ్చినట్టుంది. అక్కడి నిబంధన ప్రకారం దిగుమతి సరుకుకు దాన్ని దిగుమతిదారే ఇవ్వాలి. అక్కడి వినియోగ వస్తువుల భద్రతా సంస్థ సీపీఎస్‌సీ గుర్తించిన ల్యాబ్ చేసేది పరీక్ష మాత్రమే. ఎఫ్‌సీసీ ఐడీ (అమెరికాలో రేడియో పరికరాల్ని నియంత్రించే సంస్థ గుర్తింపు నంబరు) లోపలి బ్లూటూత్ మాడ్యూల్‌ది, అది అసలుదే. ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే లోపలి ఫొటోలతో సహా కనిపిస్తుంది. మా బోర్డు మీది యాంటెనా మాత్రం ఆ ఫొటోలో ఉన్నది కాదు. యాప్ రికార్డు చేసే గొంతులు ఎక్కడికి వెళ్తున్నాయని అడిగితే సేల్స్ మనిషి 'క్లౌడ్‌కి' అన్నాడు. ఎవరి క్లౌడో చెప్పలేదు. పదమూడేళ్లలోపు పిల్లల సమాచారం విషయంలో అమెరికాలోని కోప్పా చట్టం ఎంత గట్టిదో ఎలక్ట్రానిక్ బొమ్మలు చేసే వీటెక్ సంస్థ ఉదంతం చెబుతుంది. ఆ చట్టం కింద తన మీద వచ్చిన కేసును 2018 జనవరిలో 6,50,000 డాలర్లు కట్టి ముగించుకుంది.

ఇప్పుడు మా దగ్గర పద్ధతి వేరు. ఫ్యాక్టరీ ఏరి ఇచ్చిన నమూనా తీసుకోం. ప్యాకింగ్ అయిన లాట్‌లోంచి మేమే ఒకటి లాగి, కుట్లు విప్పి, బోర్డునీ బ్యాటరీ లేబుల్‌నీ మాడ్యూల్ నంబరునీ రిపోర్ట్‌లోని ఫొటోల పక్కన పెట్టి చూస్తాం. రిపోర్ట్ నంబరును ల్యాబ్‌కే రాసి అడుగుతాం. పీడీఎఫ్‌లో ఉన్న మెయిల్‌కి కాదు, ల్యాబ్ సొంత వెబ్‌సైట్‌లో ఉన్నదానికి. మా పాత రిపోర్ట్ గురించి అలా రాస్తే రెండే వాక్యాల జవాబు వచ్చింది: 'రిపోర్ట్ మేం ఇచ్చిందే. మీరు పంపిన ఫొటోలోని వస్తువును మేం పరీక్షించలేదు.' సరుకు కదలకముందు రాసి ఉంటే ఖర్చు ఒక్క మెయిల్.

ఆ ఎలుగుబంటి ఇప్పటికీ వాళ్ల కేటలాగులో ఉంది, పక్కనే 'సర్టిఫికెట్లన్నీ సిద్ధం' అని. మీకూ అలాంటిది ఎవరైనా చూపిస్తే వీపు మీద కుట్టు తిప్పి చూడండి. ఛార్జింగ్ రంధ్రం అక్కడుండి, రిపోర్ట్ ఫొటోలో మాత్రం బ్యాటరీ మూత కనిపిస్తే అది మాకు అంటగట్టిన రకమే.