గ్రూప్ మ్యాచ్‌లలో దేనికోసం మేలుకోవాలి: మొదటి రౌండా, మూడో రౌండా?

వరల్డ్ కప్ దగ్గర పడితే చాలు, ఫుట్‌బాల్ చూస్తానని తెలిసినవాళ్లంతా నన్నడిగేది ఒకటే. "గ్రూప్ మ్యాచ్‌లన్నీ చూడలేం, పొద్దున్నే ఆఫీసుంటుంది, ఏవి చూస్తే చాలు?" 32 జట్లున్నప్పుడు గ్రూప్ దశలో 48 మ్యాచ్‌లుండేవి, 2026 నుంచి 48 జట్లు కాబట్టి అవి 72 అయ్యాయి. ఉద్యోగం చేసుకునేవాళ్లకి ఇది అయ్యే పని కాదు, అందులోనూ అమెరికా ఖండంలో జరిగితే మనకి చాలా మ్యాచ్‌లు అర్ధరాత్రో తెల్లవారుజామునో పడతాయి. ఏ జట్టు చూడాలనేది మీ ఇష్టం. నేను రౌండ్ల లెక్కన చెబుతాను: గ్రూప్‌లో ఒక్కో జట్టు మూడు మ్యాచ్‌లు ఆడుతుంది, అందరి మొదటి మ్యాచ్‌లు మొదటి రౌండ్, ఆఖరివి మూడో రౌండ్.

మొదటి రౌండ్‌కి ఉన్న పెద్ద ఆకర్షణ సంచలనాలు. 1990లో కామెరూన్ ఇద్దరు ఆటగాళ్లు రెడ్ కార్డులతో బయటికెళ్లినా అర్జెంటీనాని 1-0తో ఓడించింది. 2002లో సెనెగల్, అప్పటి చాంపియన్ ఫ్రాన్స్‌ని ఓడించింది. 2022లో సౌదీ అరేబియా మెస్సీ జట్టుని 2-1తో ఓడిస్తే, మర్నాడే జపాన్ జర్మనీని అదే స్కోరుతో కొట్టింది. పెద్ద జట్లు ఇంకా కుదురుకోని రోజులవి, చిన్న జట్లేమో ఆ ఒక్క మ్యాచ్ కోసం నెలల తరబడి తయారై వస్తాయి.

అయితే ఇదే రౌండ్‌లో భయం కూడా ఎక్కువ. మొదటి మ్యాచ్ ఓడకూడదనే ఆలోచనతో జట్లు కాళ్లు కట్టేసుకుని ఆడతాయి. 2022 మొదటి రౌండ్‌లో నాలుగు మ్యాచ్‌లు 0-0తో ముగిశాయి. అందులో ఒకటి మొరాకో, క్రొయేషియాల మధ్య జరిగింది, ఆ రెండు జట్లే తర్వాత సెమీఫైనల్‌కి వెళ్లాయంటే ఆ రోజు చూసినవాళ్లెవరూ నమ్మేవారు కాదు. పైగా మొదటి రౌండ్ దెబ్బ చాలాసార్లు పెద్ద జట్టుకి తగలదు. అంత చేసిన సౌదీ చివరికి గ్రూప్‌లో ఆఖరి స్థానంలో మిగిలింది, కప్పు అర్జెంటీనా ఎత్తుకుపోయింది. 2010లో స్పెయిన్ కూడా స్విట్జర్లాండ్ చేతిలో మొదటి మ్యాచ్ ఓడి, కప్పు గెలిచింది. ఫ్రాన్స్ మాత్రం 2002లో ఒక్క గోలు కూడా కొట్టకుండా ఇంటికెళ్లింది, అది వేరే కథ.

రెండో రౌండ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, మీ అభిమాన జట్టు మొదటి మ్యాచ్ ఓడితే చూడండి, లేకపోతే పొద్దున హైలైట్స్ చాలు.

నా దృష్టిలో అసలు తేడా తెచ్చేది ఒక్కటే: మూడో రౌండ్‌లో ఒక గ్రూప్‌లోని రెండు మ్యాచ్‌లూ ఒకే సమయానికి మొదలవుతాయి. ఈ నియమం ఊరికే రాలేదు. 1982లో స్పెయిన్‌లోని హిజోన్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా ఆడాయి. అల్జీరియా తన మ్యాచ్ ముందురోజే ఆడేసింది కాబట్టి, జర్మనీ 1-0తో గెలిస్తే తామిద్దరం ముందుకెళతామని వాళ్లకి తెలుసు. పదో నిమిషంలో జర్మనీ గోల్ కొట్టింది, ఆ తర్వాత ఎనభై నిమిషాలు ఇద్దరూ బంతిని అటూ ఇటూ తోసుకుంటూ కాలం గడిపారు. జర్మనీని ఓడించిన అల్జీరియా బయటికెళ్లిపోయింది. 1986 వరల్డ్ కప్ నుంచి ఆఖరి మ్యాచ్‌లు ఒకేసారి పెడుతున్నారు.

దాని ఫలితం 2022 డిసెంబర్ 1న చూశాం. మన టైమ్‌లో రాత్రి 12:30కి మొదలైంది. ఒకచోట జపాన్, స్పెయిన్; ఇంకోచోట జర్మనీ, కోస్టారికా. స్పెయిన్ చేతిలో 7-0తో చిత్తయిన కోస్టారికా 70వ నిమిషంలో జర్మనీ మీద 2-1 ఆధిక్యంలోకొచ్చింది, అక్కడ జపాన్ కూడా 2-1తో ముందుంది. ఓ మూడు నిమిషాల పాటు స్పెయిన్, జర్మనీ రెండూ బయటే! చివరికి జర్మనీ 4-2తో గెలిచినా పోయింది, స్పెయిన్ ఓడినా బతికింది. మర్నాడు కొరియా 91వ నిమిషంలో పోర్చుగల్ మీద గోల్ కొట్టి గెలిచి, మైదానం మధ్యలో గుండ్రంగా నిలబడి ఫోన్‌లో ఉరుగ్వే మ్యాచ్ చూస్తూ నిమిషాలు లెక్కపెట్టుకుంది. ఉరుగ్వే ఇంకొక్క గోల్ కొడితే కొరియా కథ ముగిసేది. ఇలాంటిది మొదటి రౌండ్‌లో ఎంత వెతికినా దొరకదు.

మనకే జరిగింది కూడా ఉంది. 2019 ఆసియా కప్‌లో థాయ్‌లాండ్‌ని 4-1తో ఓడించి ఎగిరి గంతేశాం, యూఏఈ చేతిలో ఓడాం, ఇక బహ్రెయిన్‌తో డ్రా చేసుకుంటే నాకౌట్‌కి వెళ్లేవాళ్లం. ఇంజురీ టైమ్‌లో పెనాల్టీ ఇచ్చి 0-1తో ఓడిపోయాం. థాయ్‌లాండ్ మ్యాచ్ ఎంతమందికి గుర్తుందో గానీ, బహ్రెయిన్ మ్యాచ్ చూసినవాళ్లు మర్చిపోలేదు.

మూడో రౌండ్‌లో లోపాల్లేవా అంటే ఉన్నాయి. అప్పటికే అర్హత పొందిన జట్లు ముఖ్యమైన ఆటగాళ్లకి విశ్రాంతినిస్తాయి. డ్రా ఇద్దరికీ సరిపోతే ఆట చచ్చిపోతుంది. 2018లో టోర్నీ మొత్తమ్మీద ఒకే ఒక్క 0-0, ఫ్రాన్స్–డెన్మార్క్ మ్యాచ్, ఈ రౌండ్‌లోదే. జపాన్ అయితే పోలండ్ చేతిలో ఓడిపోతూ కూడా చివరి పది నిమిషాలు బంతిని వెనక్కి వెనక్కి ఆడుకుంది, పాయింట్లు, గోల్స్ అన్నీ సెనెగల్‌తో సమానమైనా పసుపు కార్డులు తక్కువున్నాయి కాబట్టి ముందుకెళ్లింది.

48 జట్ల పద్ధతిలో ఇంకో చిక్కుంది. 12 గ్రూపుల్లో మొదటి రెండు స్థానాల వాళ్లతో పాటు మూడో స్థానంలో ఉన్న జట్లలో ఎనిమిది కూడా ముందుకెళ్తాయి, అంటే ఓడితే బయటికే అన్న టెన్షన్ చాలా గ్రూపుల్లో పలచబడుతుంది. ఇలాగే మూడో స్థానానికీ చోటున్న 2016 యూరోలో (యూరప్ దేశాల టోర్నీ) పోర్చుగల్ మూడు మ్యాచ్‌లూ డ్రా చేసుకుని, మూడో స్థానంలో ఉండి, చివరికి కప్పే గెలిచింది. అదే టోర్నీలో అల్బేనియా తన మ్యాచ్‌లు ముగించుకుని మిగతా గ్రూపుల ఫలితాల కోసం మూడు రోజులు ఎదురుచూసి ఇంటికెళ్లింది. అందుకే ఇప్పుడు మూడో రౌండ్‌లో మొదటి రోజుల కన్నా ఆఖరి రెండు రోజుల గ్రూపులు చూడమంటాను, ఎన్ని పాయింట్లు చాలో అప్పటికి లెక్క తేలి ఉంటుంది. నిజానికి ఫిఫా మొదట మూడేసి జట్ల 16 గ్రూపులు అనుకుంది. అలాగైతే ఆఖరి రోజు ఒక జట్టు ఖాళీగా కూర్చుని మిగతా ఇద్దరి ఆటా చూడాల్సి వచ్చేది, హిజోన్ మళ్లీ జరిగేది. ఖతర్‌లో ఆఖరి రౌండ్ చూశాక 2023లో ఆ ఆలోచన మానుకున్నారు.

డాలస్‌లోనో ఇంకోచోటో ఉండి టికెట్ కొని స్టేడియానికి వెళ్లేవాళ్లకి మాత్రం నా సలహా తిరగబడుతుంది. అక్కడ రెండో మ్యాచ్ కనపడదు, మీరు చూడాలనుకున్న స్టార్ బెంచీ మీద కూర్చోవచ్చు. మొదటి రౌండ్ టికెట్ కొనుక్కోండి.

ఇంట్లో చూసేవాళ్లు గెలిచి తీరాల్సిన జట్టు ఆడేది టీవీలో, రెండోది ఫోన్‌లో పెట్టుకోండి. ఫోన్‌లో వచ్చేది మామూలుగా కాస్త వెనకబడి వస్తుంది, కాబట్టి ఆ రెండు గంటలూ వాట్సాప్ గ్రూపులు మ్యూట్‌లో పెట్టండి, లేకపోతే గోల్ మీరు చూసేలోపే ఎవడో ఒకడు చెప్పేస్తాడు.