నీకోస్ వేగ్: లాక్‌డౌన్‌లో పట్టుకున్న జర్మన్ కోర్సు, ఇన్నాళ్లు వాడాక

ఇంట్లో కూర్చుని, పైసా ఖర్చు లేకుండా జర్మన్ మొదలుపెట్టాలనుకునే ఎవరికైనా నేను చెప్పే మొదటి పేరు డాయిచ వెలె వాళ్ల 'నీకోస్ వేగ్'. డాయిచ వెలె జర్మనీ ప్రభుత్వ నిధులతో నడిచే ప్రసార సంస్థ, 1953 నుంచీ ఉంది. 2020 వేసవిలో ఎమ్మెస్ ఆలోచన ఎక్కడిదక్కడ ఆగిపోయి, రోజంతా టీవీలో కేసుల లెక్కలు చూస్తూ టెన్షన్ పడుతున్న రోజుల్లో ఖమ్మంలో మా ఇంట్లో దీన్ని మొదలుపెట్టాను. ఇప్పటికీ వదల్లేదు. భాషా స్థాయిల్లో ఏ1 మొదటిది, తర్వాత ఏ2, ఆపైన బీ1. బీ1 దాకా వెళ్లి కూడా అప్పుడప్పుడూ ఏ2 పాఠాలు మళ్లీ చూస్తుంటాను.

ఇందులో ఉన్న గొప్పతనం కథ. నీకో అనే స్పెయిన్ కుర్రాడు జర్మనీలో దిగుతాడు, దిగీదిగగానే బ్యాగు పోగొట్టుకుంటాడు, పిన్ని ఎక్కడుందో తెలియదు, భాష అంతంతమాత్రం. లీజా అనే అమ్మాయి తను ఉండే ఇంట్లో చోటిప్పిస్తుంది. అక్కణ్ణుంచి ప్రతి పాఠం రెండు మూడు నిమిషాల వీడియో, దాని కింద ఆ సీన్‌లోంచే తీసిన అభ్యాసాలు, పదాల పట్టిక, వ్యాకరణం, మాటలన్నీ రాసిపెట్టిన స్క్రిప్టు. వివరణలు ఇంగ్లీషులో పెట్టుకోవచ్చు, తెలుగులో లేవు. ఇలా ఏ1, ఏ2, బీ1 మూడు స్థాయిలూ ఒకే కథగా సాగుతాయి. పుస్తకం ముందేసుకుని 'ఇది బల్ల, అది కుర్చీ' అని బట్టీ పడితే నాలుగో రోజుకే విసుగొస్తుంది, అదే నీకోకి ఆ బ్యాగు దొరుకుతుందా లేదా అన్న ఆత్రం ఉంటే తర్వాతి పాఠం మీకు తెలియకుండానే నొక్కేస్తారు.

వ్యాకరణంలో మన తెలుగువాళ్లకి ఒక చోట బాగా కలిసొస్తుంది. 'వైల్' (ఎందుకంటే) అని కారణం చెప్పే జర్మన్ వాక్యంలో క్రియ చిట్టచివరికి పోతుంది. ఇంగ్లీషు అలవాటున్నవాళ్లు అక్కడ తికమక పడతారు, మనం తెలుగులో రోజూ చేసే పనే కాబట్టి నాకది చటుక్కున పట్టుబడింది. ప్రతి నామవాచకానికీ ముందు దాని లింగాన్ని బట్టి వచ్చే డెర్, డీ, డాస్ మాత్రం ఎవరికీ తేలిక కాదు. పదంతో కలిపి నోటికి రావాల్సిందే, ఇంకో దారి లేదు.

ఇక ఆ దేశం సంగతి. లీజా వాళ్ల ఇల్లు మన అమీర్‌పేట బ్యాచిలర్ రూమ్ లాంటిదే, కాకపోతే ఎవరి గది వాళ్లది, వంటిల్లు మాత్రం అందరిదీ. కథలో మాక్స్, తారెక్ కలిసి హోటల్ నడుపుతుంటారు, దాని పేరు ఇద్దరి పేర్లూ కలిపి 'మారెక్'. నీకో పిన్ని యారాది సైకిల్ షాపు. సిరియా నుంచి వచ్చిన సెల్మా అతనితో పాటే భాష నేర్చుకుంటూ ఉంటుంది. జర్మనీ అంటే కార్లు, బీరు అనుకున్న నాకు అక్కడ ఎన్ని దేశాల మనుషులు కలిసి బతుకుతున్నారో ఈ పాఠాల్లోనే కనిపించింది. నాకు అన్నింటికన్నా నచ్చింది ఇదే.

కథల రుచి తగిలాక గ్రిమ్ సోదరుల దగ్గరికి వెళ్లాను. వాళ్లు సేకరించిన జర్మన్ జానపద కథల మొదటి సంపుటి 1812లో వచ్చింది. వాళ్లకి చాలా కథలు చెప్పినావిడ డొరోతేయా ఫీమన్, జర్మనీలోని కాసెల్ ఊరి దగ్గర సత్రం నడిపినాయన కూతురు, సంతలో కూరగాయలు అమ్మేది. ఆ సంగతి చదివాక కథలు నాకు ఇంకా దగ్గరయ్యాయి. ఫ్రావ్ హొలె కథలో బావిలోకి దూకిన పిల్ల ఒక ముసలావిడ ఇంట్లో పనికి కుదురుతుంది, అక్కడ ఈకల పరుపు దులిపినప్పుడల్లా భూమ్మీద మంచు కురుస్తుంది. ఏ2 పూర్తయ్యాక పిల్లల కోసం తేలిక చేసిన కథలు పట్టుకోండి, గ్రిమ్ సోదరుల అసలు పుస్తకంలో పాతకాలపు భూతకాల రూపాలు ఎక్కువ, తొందరపడితే నీరసం వస్తుంది.

చూడ్డానికైతే 'డీ జెండుంగ్ మిట్ డెర్ మౌస్'. జర్మన్ టీవీలో 1971 నుంచి వస్తున్న పిల్లల కార్యక్రమం, మామూలుగా ఆదివారాలు వేసేది, 2020 మార్చిలో స్కూళ్లు మూసేశాక కొంతకాలం రోజూ వేశారు. వస్తువులు ఎలా తయారవుతాయో నెమ్మదిగా చూపిస్తారు. ప్రతి కార్యక్రమం ప్రారంభంలో ఆ రోజు ఏమేం ఉన్నాయో జర్మన్‌లో చెప్పి, అదే మాట ఇంకో దేశపు భాషలో చెప్పి, ఆ భాష పేరేంటో చెబుతారు. అలా చెప్పడం 1970లలో బయటి దేశాల నుంచి పనికొచ్చినవాళ్ల పిల్లల కోసం మొదలైంది. ఎంత మర్యాద అనిపించింది!

వినికిడి ఎంత పెరిగిందో నాకు తెలిసింది 2020 మార్చి 18న అప్పటి జర్మనీ ఛాన్సలర్ ఆంగెలా మెర్కెల్ కరోనా గురించి చేసిన టీవీ ప్రసంగంతో. ఏ2 మధ్యలో ఉండగా ఎక్కించుకుని విన్నాను. 'ఎస్ ఇస్ట్ ఎర్న్‌స్ట్' (పరిస్థితి తీవ్రంగా ఉంది) అని, దీన్ని మీరూ అంతే తీవ్రంగా తీసుకోండి అంటుంది. అక్కడ చిన్న చిన్న వాక్యాలే. సూపర్‌మార్కెట్ కౌంటర్లో కూర్చున్నవాళ్లకి, అరలు నింపేవాళ్లకి థాంక్స్ చెప్పిన భాగం సబ్‌టైటిల్స్ లేకుండా అర్థమైనప్పుడు నిజంగా కళ్లు చెమర్చాయి. అప్పుడు మా వీధి కిరాణా కొట్టాయన కూడా రోజూ తలుపు సగం తెరిచి సరుకులిస్తున్నాడు మరి.

నీకోస్ వేగ్‌తో రానిది మాట్లాడడం ఒక్కటే, వీడియో మనతో ఎదురు మాట్లాడలేదు కదా. అందుకని డబ్బులు కట్టి ఒక ఆన్‌లైన్ కోచింగ్‌లో చేరాను. బ్యాచ్ నిండా జనం, గంట క్లాసులో నోరు తెరిచే వంతు వస్తే వచ్చినట్టు. నాకు పనికొచ్చింది మా పెద్దమ్మ కూతురు. నర్సుగా జర్మనీ వెళ్లడానికి అక్క కూడా అప్పుడే భాష మొదలుపెట్టింది. రాత్రి భోజనాలయ్యాక ఫోన్ చేసుకుని ఆ రోజు పాఠంలో ఒకరు నీకో, ఒకరు లీజా అయ్యేవాళ్లం. 'అక్కా, క్రియ మర్చిపోయావ్' అంటే 'ముందు నన్ను వాక్యం పూర్తి చేయనీవే' అని కసిరేది. మాట అలాగే కుదిరింది. మీకూ ఎవరో ఒకరిని వెతుక్కోండి.

జర్మనీలో ఉన్న భర్త దగ్గరికి వెళ్లే వీసా కోసం ఏ1 సర్టిఫికెట్ తొందరగా కావాల్సినవాళ్లకి మాత్రం ఇదొక్కటే చాలదు. పరీక్షలో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం నాలుగూ ఉంటాయి, మాట్లాడే భాగంలో పేరు, ఊరు, వచ్చిన భాషలు, చేసే పని, ఇష్టాలు చెప్పాలి, అక్షరం అక్షరం స్పెల్లింగ్ కూడా చెప్పమంటారు. ఈ పరీక్ష పెట్టే జర్మన్ భాషా సంస్థ గోథె ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లో నమూనా పేపర్లు ఉచితంగానే ఉన్నాయి, ఏ1 వీడియోలు సగం అయ్యాక వాటిని కూడా పక్కన పెట్టుకుని చేయండి.