నీటి గోడ దగ్గర ఆరేళ్ళు

న్యూయార్క్ నగరం మన్‌హటన్‌లో 53వ వీధిలో, ఫిఫ్త్ అవెన్యూకీ మాడిసన్ అవెన్యూకీ మధ్య ఉన్న పేలీ పార్కుకు ఆరేళ్ళుగా వెళుతున్నాను. మా ఆఫీసు నుంచి నాలుగు నిమిషాల నడక. పది సెంట్లు కూడా లేని స్థలం, చివరి గోడ మీదుగా 20 అడుగుల ఎత్తు నుంచి పడే నీరు, ఇవన్నీ ఫొటోల్లో చాలామంది చూసినవే. ఫొటోకు అందనిది ఆ నీటి హోరు. నేను వెళ్ళేది దాని కోసమే.

నిమిషానికి 1,800 గ్యాలన్లు, అంటే దాదాపు ఏడు వేల లీటర్ల నీరు అలా పడుతూనే ఉంటుంది. వీధిలోంచి మెట్లెక్కి లోపలికి నడుస్తుంటే బస్సుల మోత పలచబడుతుంది. గోడ దగ్గరికి వెళ్ళేసరికి హారన్లు కూడా వినబడవు. ఆఫీసులో మాట పడిన రోజుల్లో కుర్చీని ఆ నీటి దగ్గరికి లాక్కుని పావుగంట కూర్చుంటే మనసు తేలికపడేది. ఇంతకు మించిన చోటు ఈ నగరంలో లేదని కనిపించిన వారందరికీ చెబుతూ వచ్చాను.

ఆ మాటను కొంచెం సవరించుకోవాలి. కిందటి జూన్‌లో నాన్న వచ్చారు. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్ళు, రెండు చెవులకూ వినికిడి యంత్రాలు. ఎంతో ఊరించి తీసుకెళ్ళి, నాకు ఇష్టమైన చోటే కూర్చోబెట్టాను. నిమిషం తిరక్కుండానే ఆయన మొహం ముడుచుకుని చెవులు మూసుకున్నారు. ఆ యంత్రాలు మాటతో పాటు మోతనూ పెంచుతాయి. నన్ను సేదతీర్చే హోరు ఆయనకు రేకుల కప్పు మీద పడుతున్న వడగళ్ళలా ఉంది. ముందే ఎందుకు ఆలోచించలేదా అని బాధపడ్డాను. “వెళ్ళిపోదామా నాన్నా” అని సైగ చేశాను. ఆయన చెయ్యి ఊపి ఆగమన్నారు. రెండు యంత్రాలూ తీసి, డబ్బీలో పెట్టి, చొక్కా జేబులో వేసుకున్నారు. కాసేపటికి మొహం విచ్చుకుంది.

“లాకుల దగ్గర కూర్చున్నట్టుందిరా” అన్నారు.

ఆయన ఉద్యోగమంతా గోదావరి కాలువల మీదే గడిచింది. యంత్రాలు లేకపోయినా ఆ హోరు ఆయనకు అందుతోంది, మెత్తగా. అందనిది నా మాటే. అమెరికన్ టీవీ సంస్థ సీబీఎస్‌కు అప్పట్లో అధిపతి అయిన విలియం పేలీ తన తండ్రి జ్ఞాపకార్థం ఈ పార్కు కట్టించాడని, 1967లో తెరిచారని చెప్పాలని దారంతా అనుకుంటూ వచ్చాను. రెండుసార్లు గట్టిగా అరిచాను. లాభం లేకపోయింది. ఇక్కడి కుర్చీలు నేలకు బిగించినవి కావు, ఎవరికి కావలసినట్టు వారు జరుపుకోవచ్చు. ఇన్నేళ్ళూ అది నాకు పెద్ద విషయంగా తోచలేదు. ఆ రోజు మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కుర్చీ జరుపుకుని, ఆయన చెవిలో నోరు పెట్టి చెప్పాను. తల ఊపారు. ఎంత వినబడిందో నాకు తెలియదు.

తరువాత వీధి వైపు చెట్ల కిందికి మారాం. హనీ లోకస్ట్ చెట్లవి, తుమ్మాకులా సన్నని ఆకులు, ఎండ చుక్కలు చుక్కలుగా రాలుతుంది. అక్కడ యంత్రాలు పెట్టుకుంటే మాట వినబడుతుంది కానీ, బస్సులూ వినబడతాయి.

కాబట్టి, దగ్గర్లో పని చేస్తూ ఒంటరిగా కాసేపు కూర్చోవాలనుకునే వారికైతే ఏ సందేహమూ లేకుండా వెళ్ళమంటాను. మధ్యాహ్నం భోజనాల వేళ మాత్రం నీటి దగ్గర చోటు దొరకడం కష్టం. పెద్దవాళ్ళతో తీరిగ్గా మాట్లాడుకోవడానికైతే ఇది సరైన చోటు కాదు. రెండు రైళ్ళు మారి దీని కోసమే రమ్మని కూడా చెప్పలేను. నాకు ఆఫీసు పక్కనే ఉంది కాబట్టి సరిపోయింది.

నాన్న మాత్రం ఇండియా వెళ్ళేలోపు మరో మూడుసార్లు అడిగి మరీ వచ్చారు. ప్రతిసారీ మెట్ల దగ్గరే ఆగి, యంత్రాలు తీసి డబ్బీలో పెట్టుకునేవారు.