హ్యాట్స్ ప్రోటోకాల్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

డావోలో, అంటే బ్లాక్‌చైన్ మీద సభ్యులే ఓట్లతో నడుపుకునే సంస్థలో, మేనేజర్ ఉండడు, ఆఫీసు గుర్తింపు కార్డూ ఉండదు. కానీ ఏ పని ఎవరిది, ఏ తాళం ఎవరి దగ్గరుంది అన్న ప్రశ్నలు మాత్రం రోజూ వస్తాయి. మా డావోలో డాక్యుమెంటేషన్, అనువాదాలు చూసే బృందంలో సగం మంది హైదరాబాద్‌లోనే ఉంటారు, మిగతావాళ్లు యూరప్, అమెరికాల్లో. ఎవరికి ఏ బాధ్యత, ఏ అధికారం ఉందో బ్లాక్‌చైన్ మీద నమోదు చేసే హ్యాట్స్ ప్రోటోకాల్ మీదే మా పనంతా నడుస్తోంది. బృందాన్ని సమన్వయం చేసేది నేనే కాబట్టి దాన్ని దగ్గర్నుంచి చూశాను.

ఇందులో ప్రతి బాధ్యతా ఒక హ్యాట్. సాంకేతికంగా అది ఈఆర్‌సీ-1155 అనే ప్రమాణంలో ఉండే డిజిటల్ టోకెన్, కానీ తీసుకున్నవాళ్లు దాన్ని అమ్ముకోలేరు, ఇంకొకరికి పంపలేరు. పైన టాప్ హ్యాట్, దాని కింద 14 అంచెల దాకా హ్యాట్లు పెట్టుకోవచ్చు. పై అంచెలో ఉన్నవాళ్లు కింది హ్యాట్లు ఇస్తారు. మాకు మూడు అంచెలే సరిపోయాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది హ్యాట్ వెనక్కి తీసుకునే పద్ధతి. రిలీజ్ నోట్స్ చూసే వరంగల్ తమ్ముడికి గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చి మా పని మానేశాడు. పాత పద్ధతిలో అయితే డిస్కార్డ్ చాట్‌లో రోల్ తీసేయాలి, పలువురి సంతకాలతో ఉమ్మడి డబ్బు కదిలే సేఫ్ వాలెట్‌లో సంతకందారుల జాబితా మార్చాలి, ఫైళ్ల అనుమతులు తీసేయాలి. వీటిలో ఏదో ఒకటి మిగిలిపోయేది. ఇప్పుడు అతనికి అర్హత లేదని ఒక్కచోట నమోదు చేస్తే చాలు, ఆ క్షణం నుంచి అతని హ్యాట్ బ్యాలెన్స్ సున్నా అని చూపిస్తుంది. ఆ బ్యాలెన్స్ చూసే తలుపు తీసే చోట్లన్నీ వాటంతటవే మూసుకుంటాయి. సేఫ్‌కి, హ్యాట్ ఉన్నవాళ్ల సంతకాలనే లెక్కించే హ్యాట్స్ సైనర్ గేట్ తగిలించాం కాబట్టి అతని సంతకం కూడా ఇక లెక్కలోకి రాదు. డబ్బుండే చోట ఇంత నిశ్చింత నాకు వేరే ఏ పరికరమూ ఇవ్వలేదు.

మనిషి వెళ్లినా బాధ్యత అలాగే ఉంటుంది. దాని వివరణని మేం తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాసి పెట్టాం. కొత్తగా చేరిన కూకట్‌పల్లి కుర్రాడొకడు అది చదివి, "అన్నా, ఎవర్నీ అడగకుండానే పనేంటో అర్థమైంది" అన్నాడు. ఆ మాట విని నాకు చాలా సంతోషమైంది. హ్యాట్ ఇచ్చేవాళ్లే గ్యాస్ (బ్లాక్‌చైన్ లావాదేవీ రుసుము) ఖర్చు పెట్టుకుంటారు కాబట్టి అతని వాలెట్‌లో పైసా లేకపోయినా ఇబ్బంది రాలేదు.

అయితే ఇది పనిని చూడదు. హ్యాట్ పెట్టుకున్న మనిషి నెలల తరబడి ఏమీ చేయకపోయినా, ఎవరో కదిలిస్తే తప్ప ప్రోటోకాల్ కిమ్మనదు. అందుకే ప్రతి సీజన్ (మా పని విడత) చివర అన్ని బాధ్యతలనూ మళ్లీ ఖరారు చేయాలని మేం నియమం పెట్టుకున్నాం. ఎవరెంత చేశారో తెలుసుకోవడానికి, 2021లో యర్న్ అనే క్రిప్టో ప్రాజెక్టులో పుట్టిన కోఆర్డినేప్ అనే పరికరాన్నీ పక్కన వాడుతున్నాం. అందులో సభ్యులు తమకిచ్చిన గివ్ టోకెన్లని తోటివాళ్లకి పంచుతారు. మాకు రాత్రిపూట జరిగే కాల్స్‌లో గట్టిగా మాట్లాడేవాళ్లకి ఎక్కువ వెళ్తున్నాయి, నిశ్శబ్దంగా పేజీలు సరిచేసే అక్కకి తక్కువ. అది అన్యాయమని బృందంలో పదేపదే చెబుతూనే ఉన్నాను. ఈ లోటుని ఏ టోకెనూ తీర్చదు, ఎవరో ఒకరు కూర్చుని ఆ పేజీలు చదవాల్సిందే.

ఇంకో జాగ్రత్త టాప్ హ్యాట్ గురించి. అది ఒక్కరి వాలెట్‌లో ఉంటే వికేంద్రీకరణ పేరుకే మిగులుతుంది, ఎందుకంటే కింది అంచెలన్నీ చివరికి దానికే లోబడతాయి. ఏ డావోలో చేరేముందైనా అది ఎక్కడుందో చూడండి. మాది ఓటింగ్‌కి లోబడే సేఫ్‌లో ఉంది. తప్పు చేసినవాళ్లకి పెట్టే 'బ్యాడ్ స్టాండింగ్' అనే గుర్తుని కూడా తేలిగ్గా వాడకూడదు. తర్వాత సరిదిద్దినా, పెట్టిన చరిత్ర చైన్ మీద అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. పని మానేసిన మనిషికి అలాంటి మచ్చ పెట్టకూడదని మేం తీర్మానించుకున్నాం.

ఐదారుగురి బృందానికి ఇదంతా అక్కర్లేదు, ఒక షీట్ చాలు. ఉమ్మడి డబ్బు, మారుతుండే మనుషులు ఉన్నచోట మాత్రం గట్టిగా సిఫారసు చేస్తాను. మా బడ్జెట్ సంతకాల హ్యాట్ ఇప్పటిదాకా నియామకంతో నడిచింది, వచ్చే సీజన్ నుంచి దాన్ని ఎన్నికల మాడ్యూల్‌కి మారుస్తున్నాం.