ఎక్కడికి? ఎందాకా?

చెప్పులేసుకుని గడప దాటుతున్న పెద్దాయన్ని "ఎక్కడికి?" అని అడిగి చూడండి. మొహం చిట్లించి, వెనక్కొచ్చి కూర్చుని, మంచినీళ్ళు తాగి మరీ బయల్దేరతారు. మనకు చీవాట్లు అదనం. అదే "ఎందాకా?" అంటే పేచీ లేదు. మాటల లెక్కన మొదటిది చోటు అడుగుతుంది, రెండోది దూరం. వాడుకలో మాత్రం "ఎక్కడికి"కి జవాబు కావాలి. "ఎందాకా" ఉత్త పలకరింపు. "ఇక్కడిదాకే" అంటే చాలు, ఎవరూ ఆరా తీయరు. నాకైతే ఇదే ఇష్టం.

'పోతాడు' చేరితే మాత్రం కథ తిరగబడుతుంది. "ఎక్కడికి పోతాడులే!" అంటే చివరికి మన దగ్గరికే వస్తాడన్న ధీమా. "ఎందాకా పోతాడో చూద్దాం!" అన్నారా, అది సవాలే.