సభలో ఉండి పోరాడాలా, బయటికి నడవాలా?

అన్యాయమైన చట్టసభలో కూర్చోవడమే తప్పా? దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష కాలాన, నల్లవారికి చోటులేని పార్లమెంటులో ఆ వివక్షను వ్యతిరేకించిన తెల్లజాతి ఎంపీలు హెలెన్ సుజ్‌మన్, ఫ్రెడరిక్ వాన్ జిల్ స్లాబర్ట్ ఈ ప్రశ్నకు చెరో జవాబిచ్చారు.

శ్రమ: సుజ్‌మన్ 1953 నుంచి 1989 దాకా, 36 ఏళ్లు సభలో ఉన్నారు. 1961 నుంచి 13 ఏళ్లు తన పార్టీకి ఆమె ఒక్కరే. స్లాబర్ట్ 1974లో వచ్చారు, 1979లో ప్రతిపక్ష నేత అయ్యారు, 1986లో రాజీనామా చేశారు.

నష్టం: ఉన్నవారు ఓడుతూనే ఉండాలి. 1963లో విచారణ లేకుండా 90 రోజులు నిర్బంధించే చట్టాన్ని వ్యతిరేకిస్తూ పడిన ఓటు ఆమెదొక్కటే. వెళ్లినవారు వేదికను వదులుకోవాలి, సహచరుల కోపాన్నీ భరించాలి. స్లాబర్ట్ నిర్ణయం సుజ్‌మన్‌నే బాధించింది.

ఫలితం: 1967లో ఆమె రాబెన్ దీవి జైలుకు వెళ్లారు. చేతిపై నాజీల స్వస్తిక పచ్చబొట్టున్న కాపలాదారు ఖైదీలను పీడిస్తున్నాడని అక్కడ ఖైదీగా ఉన్న మండేలా చెప్పారు. ఆమె పట్టుబట్టారు, అతన్ని అక్కడి నుంచి తీసేశారు. ఎంపీ కాకపోతే ఆ గేటు తెరుచుకునేదా? స్లాబర్ట్ మాత్రం 1987లో సెనెగల్ రాజధాని డాకర్‌లో తెల్లజాతివారిని, నిషేధంలో ఉన్న మండేలా పార్టీ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌ను ఎదురెదురుగా కూర్చోబెట్టారు. సభలో అది సాధ్యమయ్యేది కాదు.

ప్రశ్న అడిగితే జైల్లో ఒక్కరికైనా ఊరట దక్కే పరిస్థితిలో సుజ్‌మన్ దారే సరైనదని నా నమ్మకం. అసలు మాట్లాడవలసిన వారికి సభలో చోటే లేనప్పుడు, స్లాబర్ట్ దారి.